ఆదా ఎవరిది? ఖాతా ఎవరిది?

నెల మొదటి వారంలో గోదావరిఖని లక్ష్మీనగర్ బజారు చూడాలి. సింగరేణి జీతాలు పడిన రోజులవి. బట్టల దుకాణాలూ, బంగారం దుకాణాలూ కిటకిటలాడుతుంటాయి. సరుకుల మీద తగ్గింపు ఇచ్చే పెద్ద దుకాణాల దగ్గర అంతకంటే ఎక్కువ జనం ఉంటారు. బుట్టలు పట్టుకుని అరల మధ్య తిరిగేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఇంటి ఖర్చుల గురించి బొగ్గుగని ప్రాంతపు స్త్రీలతో మాట్లాడుతూ తిరుగుతున్న రోజుల్లో నేనూ ఒకామెతో కలిసి అటువంటి దుకాణానికి వెళ్లాను.

ఆమె యైటింక్లయిన్ కాలనీ నుంచి వచ్చింది. భర్త భూగర్భ గనిలో పర్మినెంటు కార్మికుడు. ఆయన సెకండ్ షిఫ్టుకు వెళ్లాక బయల్దేరి, పిల్లలు బడి నుంచి వచ్చేలోపు ఇల్లు చేరాలి. చేతిలో పాత క్యాలెండరు కాగితం వెనక రాసుకున్న జాబితా ఉంది. కందిపప్పు, నూనె, చింతపండు, చక్కెర, బట్టల సబ్బు, ఒంటి సబ్బు, పేస్టు. ప్రతి వస్తువుకీ ఎదురుగా పోయిన నెల ధర రాసి ఉంది. ఒక సబ్బుల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. “నాలుగు కొంటె ఒకటి ఊకెనే అని రాసిండ్రు. గని పోయిన నెల కంటె తూకం తగ్గింది సూడుండ్రి మేడం” అంది. నిజమే. ధర మారలేదు, గ్రాములు తగ్గాయి. గంటన్నర సేపు ఆమె చేసిన పనిని ఏ కంపెనీ కొనుగోళ్ల విభాగంలోనైనా చేస్తే దానికి హోదా ఉంటుంది, జీతం ఉంటుంది.

బయటికొచ్చాక ఎంత మిగిలిందని అడిగాను. “నెలకు ఐదారొందలు మిగులుతయ్” అంది. ఆ డబ్బు ఏం చేస్తారు అన్నాను. ఆమె నవ్వింది. “మిగిలినయ్ కండ్లకు కనవడుతయా మేడం? గ్యాసు బండకో, పిల్లగాని ఫీజుకో పోతయ్. ఆయనకు నేను కొన్నది కనవడుతది. మిగిలిచ్చింది కనవడది.”

ఈ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. స్త్రీల హక్కుల గురించి రాసే మనం ఆస్తి హక్కు గురించి రాశాం, వేతనం గురించి రాశాం, హింస గురించి రాశాం. నెల సరుకులను మాత్రం వంటింటి వ్యవహారం కింద వదిలేశాం. ధరల పెరుగుదల మీద ధర్నా చేస్తాం, కరపత్రం వేస్తాం. ఆ ధరలను రోజూ ఎదుర్కొని ఇంటిని నడిపే శ్రమ ఎవరిది, ఆ శ్రమలోంచి మిగిలినది ఎవరిది అని అడగటం తక్కువ. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందుగా శ్రమ సంగతి. కేంద్ర ప్రభుత్వం జరిపిన 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. అదే పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. ఇంటికోసం సరుకులు కొనటం కూడా ఈ ఇంటిపని లెక్కలోనే వస్తుంది. అయితే ఏ దుకాణంలో ఏది చవక అని గుర్తుపెట్టుకోవటం, ఉన్న డబ్బులో ఏది మానుకోవాలో నిర్ణయించటం, ఆఖరి వారం నూనె సరిపోయేలా చూడటం అనే పనికి నిమిషాల లెక్క ఉండదు. అది అన్నం వండుతున్నప్పుడూ నడుస్తుంది, పడుకున్నప్పుడూ నడుస్తుంది. వ్యాపార ప్రకటనలు దీన్ని ‘తెలివైన గృహిణి’ అని మెచ్చుకుంటాయి. మెచ్చుకోలు జీతం కాదు.

ఇంటిచాకిరీ గురించి 1970లలో స్త్రీవాదులు చేసిన చర్చ ఇక్కడ పనికొస్తుంది. కార్మికుడు మర్నాడు మళ్లీ బాయిలోకి దిగగలిగేలా అతన్ని నిలబెట్టే శ్రమ ఇంట్లో జరుగుతుంది. జీతం పెరగకుండా ధరలు పెరిగినప్పుడు ఆ తేడాను పూడ్చేది కూడా ఇంట్లోని శ్రమే. ఆమె మరో రెండు దుకాణాలు తిరుగుతుంది, పప్పులో నీళ్లు కాస్త ఎక్కువ పోస్తుంది, తన పళ్లెంలో కూర తగ్గించుకుంటుంది. ఈ చివరి దాన్ని కూడా మనం ‘ఆదా’ అనే అంటున్నాం.

ఇది నాణేనికి ఒక వైపు. ఆ వారంలోనే మరొకామెను కలిశాను. కంపెనీ ప్రాంతంలో ఊడ్చే పని చేసే కాంట్రాక్టు కార్మికురాలు. భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లలు. పెద్ద దుకాణానికి ఎప్పుడైనా వెళ్లారా అని అడిగితే, ఒకసారి పిల్లలకు చూపించటానికి తీసుకెళ్లానంది. “ఐదు కిలోల సంచి కొనేటన్ని పైసలు ఒక్కనాడు చేతికొస్తె గద మేడం” అంది. ఆమె జీతం ఏ తేదీన వస్తుందో చెప్పలేదు. అందుకని బస్తీలోని కిరాణా కొట్టులో పావుకిలో పప్పు, చిన్న నూనె ప్యాకెట్, రూపాయి షాంపూ, అవసరమైన రోజున అవసరమైనంత తెచ్చుకుంటుంది. సగం అరువు. ధర ఎక్కువ వేస్తారా అంటే, “అరువు తీసుకునే కాడ ధర అడుగుతమా?” అంది.

తగ్గింపు ధర వెనక ఉన్న అసలు నియమం ఇదే. ఎక్కువ మొత్తం ఒకేసారి, రొక్కంగా కొనగలిగినవాళ్లకే సరుకు చవక. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త డేవిడ్ కాప్లోవిట్జ్ న్యూయార్క్ పేదల కొనుగోళ్ల మీద 1963లో వెలువరించిన పుస్తకానికి పేదలే ఎక్కువ ధర చెల్లిస్తారనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆదాయం తక్కువ, అరువు అవసరం, దూరం పోయి బేరమాడే వెసులుబాటు లేదు. ఈ మూడూ కలిసి పేదవాడి రూపాయి విలువను తగ్గిస్తాయి. మన బస్తీల్లో పేదవాడు అనే చోట పేదరాలు అని చదువుకుంటే సరిపోతుంది. 2023–24 కుటుంబ వినియోగ సర్వేలో గ్రామీణ కుటుంబాల ఖర్చులో తిండి వాటా సుమారు 47 శాతం, పట్టణాల్లో సుమారు 40 శాతం. ఇది సగటు. ఆదాయం తగ్గేకొద్దీ తిండి వాటా పెరుగుతుంది కాబట్టి, సరుకు మీద పడే ప్రతి అదనపు రూపాయీ ఆ కాంట్రాక్టు కార్మికురాలి ఇంట్లో ఎక్కువ కోత కోస్తుంది.

బొగ్గుగని ప్రాంతంలో ఈ రెండు రకాల ఇళ్లు పక్కపక్కనే ఎలా వచ్చాయో మనందరికీ తెలుసు. 1990ల మొదట్లో సింగరేణిలో పర్మినెంటు కార్మికులు లక్షకు పైగా ఉండేవారు. ఇప్పుడు 40 వేల దరిదాపుల్లో ఉన్నారు. గోల్డెన్ హ్యాండ్‌షేక్ పేరుతో పంపించినవాళ్లు కొందరు, రిటైరైనాక ఖాళీగానే మిగిలిన ఉద్యోగాలు కొన్ని, ఓపెన్‌కాస్టు యంత్రాలు మింగేసినవి మరికొన్ని. ఆ స్థానంలో పెరిగింది కాంట్రాక్టు పని. ఊడ్చే పనిలో, తోట పనిలో, ఆఫీసుల్లో స్త్రీలు కనిపించేది ఎక్కువగా అక్కడే. బొగ్గు పరిశ్రమలో హైపవర్ కమిటీ నిర్ణయించిన వేతనాలు తమకూ అమలు చేయాలని సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో సమ్మె చేశారు. కూలి లేని ఆ రోజుల్లో పొయ్యి వెలిగించింది ఎవరో, ఏ కొట్టులో ఎంత అరువు రాయించిందో ఏ సంఘం రికార్డులోనైనా ఉందా?

ఇక్కడ ఎవరైనా సింగరేణి సూపర్ బజార్ల సంగతి గుర్తుచేయవచ్చు. గుర్తుచేయాలి కూడా. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక ధరలు మండిపోతే, వ్యాపారుల పట్టు తగ్గించటానికి ఆ ఏడాదే ఢిల్లీలో సహకార సూపర్ బజార్ పెట్టారు. దేశంలో అనేక పట్టణాల్లో ఆ పేరుతో దుకాణాలు వచ్చాయి. సింగరేణి కంపెనీ సూపర్ బజార్లు కూడా సరుకును సరసమైన ధరకు ఇవ్వాలన్న ఆలోచన మీద నిలబడ్డవే. ఉద్యోగికి అరువు మీద సరుకులిచ్చి ఆ మొత్తాన్ని జీతంలో మినహాయించుకునే పద్ధతి ఇక్కడి కుటుంబాలకు పరిచయమే. గిరిగిరి వడ్డీవాళ్ల చేతుల్లో నలిగిన చోట వడ్డీ లేని సరుకుల అరువు చిన్న విషయం కాదు. ఆ దుకాణాలు ఉండాలి, మెరుగుపడాలి అన్నది నా మొదటి మాట.

రెండో మాట, ఆ అరువు ఎవరి పేరు మీద ఉంటుంది అన్నది. జీతం ఎవరిదో వారి పేరు మీద. జీతం ఎవరిది? 1952 గనుల చట్టంలోని 46వ సెక్షన్ స్త్రీలకు భూగర్భ పని నిషేధించింది. 2019 జనవరిలో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ఆ తలుపు కొద్దిగా తెరిచింది. అదీ పగటిపూట, సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు. అంటే దశాబ్దాల పాటు బాయి జీతం దాదాపు పూర్తిగా మగవాడి జీతంగానే ఉండేట్టు చట్టమే చూసింది. కాబట్టి సరుకుల ఖాతా కూడా అతనిదే. ఆ సరుకుల జాబితా రాసేది, మోసేది, డబ్బాల్లో పోసేది, నెలంతా సరిపెట్టేది భార్య. ఆయన నాగాలు పెట్టి జీతం తగ్గితే ఆమె జాబితా కురచవుతుంది. ఆయన తాగుడుకు అప్పు చేస్తే జీతంలో అది ముందు పోతుంది, ఇల్లు తర్వాత. కాంట్రాక్టు కార్మికురాలి సంగతి ఇంకో తీరు. ఆమెకు జీతమిచ్చేది కాంట్రాక్టరు. కంపెనీ జీతంలో మినహాయించుకునే అరువు ఆమె దాకా రాదు. ఒకామెకు ఖాతా ఇంట్లో ఉంది కానీ తన చేతిలో లేదు. ఇంకొకామెకు ఖాతాయే లేదు.

ఇది కొత్త ప్రశ్నేమీ కాదు. 1844 డిసెంబరులో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో 28 మంది కలిసి ఒక దుకాణం తెరిచారు. చాలామంది నేతపనివాళ్లు. పిండి, వెన్న, చక్కెర, ఓట్లపిండి లాంటి నాలుగైదు సరుకులు. అంతకుముందు ఆ దేశపు గనుల దగ్గరా, మిల్లుల దగ్గరా యజమానులు కూలీని తమ దుకాణంలోని సరుకుల రూపంలో ఇచ్చి దోచుకునే పద్ధతి ఉండేది. దాన్ని అరికట్టటానికి 1831లో చట్టం కూడా వచ్చింది. రాచ్‌డేల్ వాళ్లు చేసిన పని తేలికైనదే. దుకాణం కొనేవాళ్లదే, సభ్యులు ఒక్కొక్కరికి ఒక్క ఓటు, మిగిలిన లాభం ఎవరెంత కొన్నారో దాన్నిబట్టి పంపకం. ఆదా అయిన డబ్బు కంటికి కనబడే లెక్కగా చేతికొచ్చింది. నాతో బజారుకు వచ్చినామె “మిగిలిచ్చింది కనవడది” అన్న మాటకు 180 ఏళ్ల కిందట వాళ్లు వెతికిన జవాబు అది.

ఆ సహకారోద్యమం నుంచే 1883లో స్త్రీల సహకార గిల్డు పుట్టింది. కార్మికుల భార్యలే అందులో ఎక్కువ. బుట్ట పట్టుకుని దుకాణానికి వెళ్లే స్త్రీకి ఆ దుకాణం నడపటంలోనూ మాట ఉండాలన్న దగ్గర మొదలై, వాళ్లు ఇంకా దూరం వెళ్లారు. 1911 జాతీయ బీమా చట్టం కింద ప్రసూతికి 30 షిల్లింగుల సాయం వచ్చింది. భర్త బీమాతో వచ్చే సాయం గనుక అది భర్త సొమ్మే అయింది. గర్భం ఆమెది, డబ్బు అతనిది ఎలా అవుతుందని గిల్డు పోరాడింది. 1913లో ఆ డబ్బు తల్లిదేనని చట్టం మార్చారు. సరుకుల బుట్ట దగ్గర మొదలైన సంఘం డబ్బు ఎవరి పేరు మీద ఉండాలన్న ప్రశ్నకు చేరుకోవటం యాదృచ్ఛికం కాదు. రెండూ ఒకటే ప్రశ్న.

మన దేశంలోనూ ఉదాహరణలున్నాయి. 1972లో బొంబాయిలో మృణాల్ గోరే, అహల్యా రంగ్నేకర్ వంటివారి నాయకత్వంలో ధరల పెరుగుదలకు వ్యతిరేకంగా వేలమంది గృహిణులు అప్పడాల కర్రలు పట్టుకుని వీధిలోకి వచ్చారు. మన రాష్ట్రంలో సారా వ్యతిరేకోద్యమం వెనక కూడా ఇంటి ఖర్చు లెక్క ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించింది కూలి డబ్బు ఇల్లు చేరాలనే. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. ఆ వెనువెంటనే ప్రభుత్వం ఆ స్త్రీలకు ‘పొదుపు’ నేర్పింది. పోరాడి కాపాడుకున్న డబ్బును బ్యాంకులో వేసుకోండి అంది. మనలో చాలామందిమి ఆ పొదుపు సంఘాల్లో పనిచేశాం. అక్కడ మనం కూడా స్త్రీలకు ఇంకా పొదుపుగా ఎలా ఉండాలో చెప్పామే తప్ప, పొదుపు చేయాల్సిన భారం ఆమె ఒక్కదాని మీదే ఎందుకుండాలని గట్టిగా అడగలేదు. ఆ విమర్శ నాకూ వర్తిస్తుంది.

కాబట్టి ఏమడగాలి? పెద్ద దుకాణానికి వెళ్లొద్దని చెప్పే హక్కు మనకు లేదు. నూనె డబ్బా మీద యాభై రూపాయలు తగ్గితే ఆ యాభైతో ఏం చేయాలో ఆమెకు తెలుసు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితమయ్యాక ఆటో కిరాయి కూడా తప్పింది. ‘ఆడవాళ్లు ఊరికే బస్సెక్కి తిరుగుతున్నారు’ అని ఎగతాళి చేసేవాళ్లు ఆ బస్సులో కాళ్ల దగ్గర పెట్టుకున్న సంచుల్ని ఒకసారి చూస్తే బాగుండేది.

అడగాల్సింది మొదటగా సూపర్ బజారు అరువు ఖాతా సంగతి. అది భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉండాలి. నెలనెలా ఎంత తీసుకున్నారు, ఎంత మినహాయించారు అన్న చీటీ ఆమెకూ ఇవ్వాలి. దీనికి ఒక కార్యకర్త నాతో అభ్యంతరం చెప్పింది. “అప్పు ఆమె పేరు మీదికి వస్తుంది కదక్కా, మైక్రోఫైనాన్స్‌లో ఏమైందో చూశాం కదా” అంది. సరైన ప్రశ్న. 2010లో మైక్రోఫైనాన్స్ సంస్థల వసూళ్ల మీద ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చినంతగా స్త్రీల పేరు మీది అప్పులు స్త్రీల మెడకే ఉరితాళ్లయ్యాయి. అందుకే ఇక్కడ అడగవలసింది జీతంలో ఇంటి ఖర్చుకు పోయే భాగం మీద ఆమె హక్కు. తీర్చే బాధ్యత జీతానిదే. ఖర్చు చేసే అధికారం ఇద్దరిదీ. కార్మికుడు చనిపోయినా, కనిపించకుండా పోయినా ఆ నెల సరుకులు ఆగకూడదు.

రెండోది కాంట్రాక్టు కార్మికులది. వాళ్ల శ్రమ తీసుకునేది ప్రధాన యజమానిగా కంపెనీయే. వేతనం సకాలంలో పడేలా చూడటమూ, సూపర్ బజారులో పర్మినెంటు కార్మికుడితో సమానమైన సదుపాయం ఇవ్వటమూ అదే చేయాలి. ఈ డిమాండును స్త్రీల సంఘాలు ఒక్కటే పెడితే నెగ్గదు. కార్మిక సంఘాల డిమాండ్ల పత్రంలోకి ఎక్కాలి.

మూడోది చౌకధరల దుకాణం. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం నుంచి 2025 ఏప్రిల్‌లో తెలంగాణలో మొదలైన మనిషికి ఆరు కిలోల ఉచిత సన్నబియ్యం దాకా, పేదింటి స్త్రీకి నిజమైన తగ్గింపు దుకాణం రేషన్ షాపే. అక్కడ కొనటానికి నెలకు సరిపడా రొక్కం ముందుగా చేతిలో ఉండనక్కర్లేదు. కానీ బియ్యం ఒక్కటే భోజనం కాదు. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో అమ్మహస్తం పేరుతో తొమ్మిది సరుకులు 185 రూపాయలకు ఇచ్చారు. రాష్ట్ర విభజన తర్వాత అది సాగలేదు. పప్పు, నూనె, సబ్బు మళ్లీ రేషన్‌లోకి రావాలని అడగటం గొంతెమ్మ కోరిక కాదు.

చిన్నవిగా కనిపించేవి ఇంకో రెండు. ప్యాకెట్ల మీద గ్రాముకు ఎంత, మిల్లీలీటరుకు ఎంత అన్న ధర ముద్రించాలనే నిబంధన అమల్లోకి వచ్చింది. కంటికి ఆనని అక్షరాల్లో వేస్తే ఎవరికి ఉపయోగం? ప్రతి అర మీదా పెద్ద అక్షరాల్లో తెలుగులో రాయించాలి. తగ్గిన తూకం అప్పుడు ఎవరికైనా కనిపిస్తుంది. అలాగే ఆ దుకాణాల్లో రోజంతా నిలబడి పనిచేసే ఆడపిల్లల్ని మరిచిపోకూడదు. మనకు చవగ్గా దొరికే సరుకు వెనక వాళ్ల తక్కువ జీతమూ, వాచిన కాళ్లూ ఉన్నాయి. కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే స్త్రీలు పోరాడి, కూర్చునే హక్కును 2018లో చట్టంలోకి తెచ్చారు. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. కొనడానికి వెళ్లిన మనం ‘ఈ అమ్మాయికి కుర్చీ ఏది?’ అని అడగటంతో మొదలుపెట్టవచ్చు.

కిందటిసారి యైటింక్లయిన్ కాలనీకి వెళ్లినప్పుడు, ఇంటి పక్కవాళ్లతో కూర్చుని ఈ విషయాలన్నీ మాట్లాడుకున్నాం. ఖాతా ఇద్దరి పేరు మీద అనగానే ఒక పెద్దావిడ “మా ఆయన ఒప్పుకోడు బిడ్డా” అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నాతో బజారుకు వచ్చినామె లోపలికెళ్లి, ఏడాదిగా దాచిన క్యాలెండరు కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టింది. ప్రతి కాగితం అడుగునా ఆ నెల మిగిలించిన మొత్తం రాసి ఉంది. నేను మిగులు గురించి అడిగి వెళ్లాక, పాత కాగితాల మీద కూడా కూర్చుని లెక్క కట్టిందట. “ఆయనకు గివి సూపెట్టిన” అంది. ఏమన్నాడని అడిగారు అందరూ. “ఏమనలే. రెండుసార్లు సదివిండు.”

మన సంఘాలు పని మొదలుపెట్టాల్సింది అక్కడినుంచే. ఒక కాలనీలో, ఒక బస్తీలో ఇరవైమంది స్త్రీలు మూడు నెలలు తమ సరుకుల లెక్క రాయగలిగితే, పర్మినెంటు ఇంటికీ కాంట్రాక్టు ఇంటికీ పప్పు ఏ ధరకు పడుతున్నదో పక్కపక్కన పెట్టగలిగితే, యాజమాన్యం ముందూ, కార్మిక సంఘాల ముందూ పెట్టడానికి మన చేతిలో కాగితం ఉంటుంది. లెక్క రాయటం ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కర్లేదు.